సూదికి బదిలీ మనిషి

మా అత్తకు ఒకే వారంలో మూడు కలరా సూదులు పడ్డాయి. మూడింటిలో ఒక్కటీ ఆమెది కాదు. మొదటిది నాది. మిగతా రెండూ మా పక్కిళ్ళవాళ్ళవి. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా మనవరాలు "నువ్వెందుకు వేయించుకోలేదు అవ్వా, భయమా?" అంటుంది. భయమే. కాకపోతే సూదికి కాదు.

మాది కోయంబత్తూరు. మిల్లు ప్రహరీగోడ వెనక వరసగా పదహారు గదులు, రెండు కొళాయిలు, ఒక వేపచెట్టు. లైనిల్లు అనేవాళ్ళం. పదహారు గదుల్లోనూ తెలుగే. గడప దాటితే తమిళం. ఎన్ని తరాల కింద వచ్చామో ఎవరికీ తెలియదు. బళ్ళో చదివింది తమిళం కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చేది కాదు. ఈ అక్షరాలు అరవై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నవి. తప్పులుంటే మనసులో తిట్టుకోండి, నా ముందు మాత్రం దిద్దకండి. నాకు కోపం ఎక్కువ.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, ఎనిమిది నెలల కూతురు. మా ఆయన లారీ మీద మేట్టుపాళయం మండీకి కూరగాయలూ వక్కలూ తోలేవాడు. ఆదివారం ఇంటికొస్తే సోమవారం తెల్లారకముందే వెళ్ళిపోయేవాడు. ఇంట్లో మిగిలేది నేనూ, పాపా, మా అత్తా. అత్త పొద్దున్నే వాకిట్లో ఇడ్లీలు వేసి అమ్మేది. పాపను కూడా ఆమే చూసేది. నేను మిల్లుకి పోయేదాన్ని.

మిల్లులో రీలింగ్ ఖాతాలో, అంటే నూలు చుట్టలు చుట్టే విభాగంలో, నేను బదిలీ మనిషిని. బదిలీ అంటే ఉద్యోగం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారడం అనుకునేరు. మా మిల్లు భాషలో, పర్మనెంటు మనిషి రాని రోజున ఆమె బదులు పనిచేసే మనిషిని బదిలీ అంటారు. పొద్దున్న సంగు ఊదకముందే గేటు ముందు వరసగా నిలబడాలి. మిల్లు సైరనుని మేం సంగు అంటాం. లోపల ఎంతమంది తక్కువ పడ్డారో చూసుకుని మేస్త్రీ బయటికి వచ్చి వేలు చూపిస్తాడు. వేలు మన మీద పడితే లోపలికి, లేకపోతే ఇంటికి. లోపలికి పోయాక పేర్లు పిలుస్తారు. ఆ పేర్లలో మన పేరు ఉండదు. ఎవరి బదులు వచ్చామో ఆమె పేరు పిలిచినప్పుడు మనం "ఉండాను" అనాలి.

మా అత్త పన్నెండేళ్ళు అలా బదిలీగా చేసింది. "నాకు ఊళ్ళో ఎవురికీ లేనన్ని పేర్లుండాయి అమ్మిణీ. సోమవారం ఒగ పేరు, మంగళవారం ఒగ పేరు. కొన్ని పేర్లు బాగుండేటివి, ఇంకా రెండు దినాలు ఉంచుకుందామని ఉండేది" అని నవ్వేది. మిల్లులో ఒక పద్ధతి ఉండేది. ఆరు నెలలు ఒక్కరోజు కూడా తప్పకుండా గేటు ముందు నిలబడ్డవాళ్ళకు సొంత పేరుతో టికెట్టు ఇస్తారు. అంటే పర్మనెంటు. మధ్యలో ఒక్కరోజు గేటు దగ్గర కనబడకపోతే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అత్తకు ప్రతిసారీ ఆరు నెలలు నిండబోయే సమయానికి ఏదో ఒకటి వచ్చిపడేది. ఒకసారి కాన్పు, ఒకసారి మామ చావు, ఒకసారి "ఈ వారం రావద్దు, పైవారం రా" అన్న మేస్త్రీ మాట. చివరికి విసిగి, ఇడ్లీ కుండ పొయ్యి మీద పెట్టింది.

అందుకే నా టికెట్టు ఆమెకు నాకన్నా ఎక్కువ పట్టింపు. నాకు టికెట్టు వస్తే పళని కొండెక్కి గుండు చేయించుకుంటానని మొక్కుకుంది. గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసేది. ఆ వేసవికి గీతలు ఆరు నెలలకు దగ్గరపడ్డాయి. ఇంక పదిహేను రోజులు.

సరిగ్గా అప్పుడు కలరా సూది వచ్చింది.

ఆ ఏడు ఎండలకు కొళాయిలు ఎండిపోయి, ఎక్కడెక్కడి నీళ్ళో తాగుతున్నాం. రెండు వీధుల అవతల ఇద్దరికి వాంతులూ బేదులూ అయి ఆసుపత్రిలో చేర్చారు. బతికి వచ్చారు కాని ఊరంతా కంగారు. ఒకరోజు ఆరోగ్యశాఖ మనిషి ఒకాయన చేతిలో నోటుబుక్కుతో లైనుకు వచ్చాడు. ఆయన పక్కనే మా మేస్త్రీ. అందరూ సూది వేయించుకోవాలని, అది వేయించుకుంటే కలరా రాదని ఆయన మంచిగానే చెప్పాడు. ఒక్కరూ సరే అనలేదు. ఎందుకు వద్దంటున్నారని అడిగాడు.

ఎందుకో మాకు బాగా తెలుసు. కిందటేడు మా వరసలోనే ఒకామె ఆ సూది వేయించుకుంది. చెయ్యి వాచి రెండు రోజులు భుజం దాకా లేవలేదు, పైన జ్వరం. రీలింగులో పనంతా చేతులదే. రీలు తిరుగుతుంటే తెగిన దారాన్ని పట్టి ముడి వెయ్యాలి, నిండిన నూలు చుట్టలు ఎత్తి కట్టలు కట్టాలి. ఒక చెయ్యి పడిపోతే నలభై దారాల్లో ఏది తెగిందో చూస్తూ నిలబడాల్సిందే. ఆమె ఆ రెండు రోజులూ ఇంట్లో పడుకుంది. మూడో రోజు గేటు దగ్గరికి పోతే లెక్క ఒకటికి వచ్చింది. ఆమె ఏడుపు పదహారు గదులకూ వినబడింది.

కాని ఈ మాట మేస్త్రీ ముందు ఎవరు చెబుతారు? చెయ్యి నొప్పెడితే పని పోతుందని నోరు తెరిస్తే, ఎదురు మాట్లాడే మనిషని పేరు పడుతుంది. అందరం తలలు వంచుకున్నాం. అప్పుడు మా అత్త ముందుకొచ్చింది.

"పూచాట్టు అయిపోయింది సామీ" అంది తమిళంలో, ఎంతో భక్తిగా.

పూచాట్టు అంటే మారియమ్మ పండగకు అమ్మకు పూలు పెట్టి చాటింపు వెయ్యడం. ఆ రోజు నుంచి పండగ అయ్యేదాకా మా లైనులో కొన్ని నియమాలుంటాయి. తాలింపు వెయ్యం, ఆడవాళ్ళం రాత్రి వేరే ఊళ్ళో పడుకోం. సూది వేయించుకోకూడదనే నియమం మాత్రం అత్త నోటివెంట వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళందరం ఒక్క క్షణం ఆమె వైపు చూసి, తరవాత గట్టిగా తలలూపాం. సాయంత్రానికి పూజారి కూడా "అవును, మా తాత చెప్పేటోడు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారి దేవుడి కన్నా ముందే ఇచ్చేశాడు.

ఆ వచ్చినాయన నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. తల వంచి చూశాను. 'మూఢనమ్మకం' అని తమిళంలో రాసి కింద గీత గీశాడు. నాకు నవ్వూ వచ్చింది, మంటా వచ్చింది. అమ్మ పేరు చెబితే ఎవరూ పనిలోంచి తియ్యరు. నిజం చెబితే తీస్తారు. అందుకే అమ్మ వెనక దాక్కున్నాం. ఆ ముక్క ఆయన బుక్కులోకి ఎక్కలేదు.

మూడు రోజులకు మిల్లు గేటుకి నోటీసు అంటించారు. సోమ, మంగళ, బుధవారాల్లో గేటు బయట రేకుల షెడ్డులో సూది వేస్తారు. వేయించుకున్నవాళ్ళకు చీటీ ఇస్తారు. గురువారం నుంచి చీటీ చూపించాలి. మేస్త్రీ ఇంకా సులువుగా చెప్పాడు. "చీట్టు ఇల్లేన్నా గేట్టు ఇల్లే." చీటీ లేకపోతే గేటు లేదు.

ఆ సాయంత్రం నేను పొయ్యి ముందు కూచుని ఏడ్చాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. వేయించుకుంటే చెయ్యి పడిపోతుంది, గీతలు చెరిగిపోతాయి. వేయించుకోకపోతే గేటే లేదు. అత్త పిండి రుబ్బుతూ కాసేపు విన్నది. తరవాత రుబ్బురోలు బండ ఆపింది.

"ఏమిటికి అమ్మిణీ ఏడస్తా ఉండావు? పనికి బదిలీ ఉండాది. కొళాయి కాడ బదిలీ ఉండాది. రేషను కడలో క్యూకి బదిలీ ఉండాది. ఊసికి మాత్రం ఏల ఉండగూడదు?"

ఊసి అంటే సూదే. నేను ఏడుపు ఆపి ఆమెను చూశాను. చెబితే నమ్మరు, ఆ నిమిషంలో నాకది ఎంతో సబబైన మాటగా తోచింది. మా బతుకులో బదిలీ లేనిది ఏదుంది కనుక? ఒకరి బదులు ఒకరు నిలబడితేనే రోజు గడిచేది. పనికి ఎవరు వచ్చారని కాదు, పేరు పిలిస్తే ఎవరో ఒకరు "ఉండాను" అన్నారా అన్నదే లెక్క. సూది కూడా అలాంటిదేనని, చీటీ మీద పేరుంటే చాలని, నేనూ అత్తా మనస్ఫూర్తిగా నమ్మాం. ఎనిమిదో క్లాసు దాకా చదివిన నా తెలివి అంత.

సోమవారం నేను లోపల రీలు ముందు ఉండగా, అత్త నా చీర కట్టుకుని, కొంగు తలమీదుగా లాక్కుని, షెడ్డులో నా పేరు చెప్పి ఎడమ చెయ్యి చాపింది. సూది వేసే ఆయన చేతులు చూసేవాడే కాని ముఖాలు చూసేవాడు కాదు. వయసు ఇరవై అని రాసుకున్నాడు. ఇంటికొచ్చాక అత్త ఆ మాటే పదిసార్లు చెప్పింది. "ఇరవై అని రాసినాడు అమ్మిణీ! ఒగ మాట కూడా అడగలేదు!"

చెయ్యి కొంచెం సలుపుతోందంది, ఒళ్ళు వెచ్చగా ఉందంది. అయినా ఇడ్లీలు వేసింది. ఆమె ధైర్యం చూసి పక్కింటి అక్క వచ్చింది. ఆమెదీ నా లాంటి బదిలీ పనే. "నాకు కూడా పోయిరా పిన్నీ" అంది. మంగళవారం కుడి చెయ్యి. అది విని మూడో గది ఆమె వచ్చింది. వద్దని నేను గట్టిగా అరిచాను. అత్త వింటేనా? "పన్నెండేండ్లు ఊరందరి బదులూ పనిచేసినాను. మూడు సూదులకి చచ్చిపోతానా?" అంది. పైగా మూడో గది ఆమె ఫిల్టరు కాఫీ ఇచ్చి పంపింది. అత్తకు కాఫీ అంటే ప్రాణం. బుధవారం మళ్ళీ ఎడమ చెయ్యి.

గురువారం తెల్లవారుజామున లేచి చూస్తే ఇడ్లీ కుండ పొయ్యి మీద లేదు. అత్త చాప మీద వణుకుతోంది. నుదురు ముట్టుకుంటే చెయ్యి కాలింది. రెండు చేతులూ భుజాల నుంచి మోచేతుల దాకా వాచి ఎర్రబడి ఉన్నాయి. వాకిట్లో గిన్నెలు పట్టుకుని ఇడ్లీల కోసం నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. పాప ఏడుస్తోంది.

మొదటి సంగు ఊదింది.

నా చీటీ కొంగున కట్టి ఉంది. గోడ మీద ఇంక ఎనిమిది గీతలు గీస్తే చాలు. పక్కింటి అక్క గుమ్మంలో నిలబడి "నేనుంటాను, నువ్వు పో" అంది. ఆమె ముఖం చూస్తే ఉండాలనీ ఉంది, పోవాలనీ ఉంది. గేటు లెక్కలో ఆమెకూ నాలుగు నెలలు నిండాయి. పాపను ఆమె చేతికిచ్చి పోదామని నిజంగానే చెయ్యి చాపాను. అబద్ధమెందుకు, చాపాను.

అప్పుడు అత్త కళ్ళు మూసుకునే "ఉండాను" అంది.

నన్ను పిలుస్తోందేమోనని వంగాను. నన్ను కాదు. జ్వరంలో ఆమె మిల్లులో ఉంది. ఎవరో పేర్లు పిలుస్తున్నారు, ఆమె పలుకుతోంది. కాసేపాగి మళ్ళీ "ఉండాను." ఇంకాసేపటికి మళ్ళీ. ఏ పేరుకి పలుకుతోందో, ఎవరి బదులు పలుకుతోందో. ఇన్నేళ్ళూ ఆమె నవ్వుతూ చెప్పిన మాటే అది. ఆ రోజు వినడానికి నా వల్ల కాలేదు.

"నువ్వు పో అక్కా. ఇద్దరం ఏల పోగొట్టుకోవల్ల?" అని ఆమెను గేటు దగ్గరికి తరిమాను. రెండో సంగు ఊదింది. నేను తడిగుడ్డ పిండి అత్త నుదుటి మీద వేశాను. ఆరు నెలల గీతలు ఆ గోడ మీదే ఉన్నాయి, నేను వాటి వైపు చూడలేదు.

మేస్త్రీ వేలు పడనందువల్ల పక్కింటి అక్క కాసేపటికే తిరిగి వచ్చింది. గేటు దగ్గర నిలబడింది కాబట్టి ఆమె లెక్క భద్రం. ఇద్దరం అత్తకు గంజి తాగిస్తుండగా నర్సమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో గొడుగు, భుజాన సంచి. ఇంటింటికీ తిరిగి నీళ్ళ కుండల్లో మందు కలిపి పోయే మనిషి. లైనులో అందరితో తమిళమే మాట్లాడేది. అత్తను చూడగానే గొడుగు మూలన పెట్టి కూచుంది.

పక్కింటి అక్క నా చెవిలో కాదు, మామూలుగానే తెలుగులో అంది. "అమ్మ పూనిన జ్వరమని చెప్పు. ఊసి మాట ఎత్తద్దు. చేతులు కొంగుతో కప్పేయి. ఈమెకేం తెలస్తాది."

ఆఫీసు మనుషుల ముందు మా రహస్యాలన్నీ మేం అలాగే తెలుగులో, నిబ్బరంగా, గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం. తరతరాల అలవాటు. నర్సమ్మ అత్త కొంగు పక్కకు తీసి, రెండు చేతులూ చూసి, సూది గాట్లు లెక్కపెట్టింది. తరవాత అంతే నిబ్బరంగా తెలుగులో అంది.

"అమ్మ మూడు చోట్ల పూనిందేమి?"

పక్కింటి అక్క గంజి గిన్నె వదిలేసింది. నర్సమ్మ నవ్వలేదు కాని నవ్వు ఆపుకుంటోందని తెలుస్తోంది. "మాది మదురై. మా ఇంట్లోనూ ఇదే మాట. ఇప్పుడు చెప్పండి, ఎవురెవురివి ఇవి?"

చెప్పాం. ఇంక దాచడానికేముంది. ఒకటి నాది, ఒకటి ఈమెది, ఒకటి మూడో గదిది. నర్సమ్మ తల పట్టుకుంది. సంచిలోంచి మాత్రలు తీసి అత్తకు ఇచ్చింది. భయం లేదు, రెండు రోజుల్లో తగ్గుతుంది, నీళ్ళు బాగా తాగించమంది. ఆ తరవాత నా వైపు తిరిగింది.

"పేరుకి బదిలీ ఉండచ్చును తల్లీ. కలరా వస్తే అది పేరు చూసి రాదు. నీళ్ళు తాగింది నువ్వు. నీకే వస్తాది, నీ పాలు తాగే బిడ్డకి వస్తాది. అప్పుడు ఈ చీటీ చూపిస్తే పోతాదా? మీకు ఊసంటే అంత భయమేల?"

భయమనే మాట వినగానే నా కోపం కట్ట తెంచుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఎప్పుడూ మంచిది కాదు.

"భయమా? సోమవారం తెచ్చి వేస్తారు మీరు. మంగళవారం చెయ్యి లేవదు, బుధవారం జ్వరం. ఆ రెండు దినాలు మీరొచ్చి రీలు కాడ నిలబడతారా? ఆరు నెల్లు ఒగ దినం విడవకుండా నిలబడినాను. చూడుంగో, ఆ గోడ చూడుంగో! ఈ దినంతో అంతా పోయింది. మీ బుక్కులో ఏం రాసుకున్నారో చూసినాను నేను. అమ్మకి భయపడి వద్దన్నామని రాసుకున్నారు. మేం అమ్మకి భయపడలేదు, మేస్త్రీకి భయపడినాం!"

ఇంత అరిచాక నాకే ఏడుపొచ్చింది. నర్సమ్మ గోడ మీది గీతలు చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "మా అమ్మ మదురైలో రీలింగే" అంది. "ఈ మాట ఎవురైనా ముందే చెప్పుంటే బాగుండును."

"అడిగిందెవురు?" అన్నాను. ఆ మాటకు మాత్రం ఆమె నవ్వేసింది.

ఆమె ఎవరితో ఏం మాట్లాడిందో మాకు తెలియదు. శనివారం మధ్యాహ్నం కొత్త నోటీసు వచ్చింది. సాయంత్రం షిఫ్టు వదిలాక గేటు దగ్గరే మళ్ళీ సూది. ఆదివారం మిల్లు సెలవు. చెయ్యి వాచినా, జ్వరమొచ్చినా, పడుకోవడానికి ఒక పూర్తి రోజు ఉంది. సోమవారం చేతులు నొప్పెట్టేవాళ్ళకు తేలిక పని ఇమ్మని మేస్త్రీకి చెప్పారట. ఇచ్చాడో లేదో దేవుడికే తెలుసు, కాని చెప్పారన్న మాటే మాకు పండగ.

నియమం సంగతేమిటని ఎవరో అడిగారు. జ్వరం తగ్గి గోడకు ఆనుకుని కూచున్న అత్త కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది. "అమ్మ ఒప్పుకున్నాది. శనివారం సాయంత్రమైతే దోషం లేదన్నాది" అంది. వరసలో అందరికన్నా ముందు పూజారి నిలబడ్డాడు. వాళ్ళ తాత ఇది కూడా చెప్పాడట.

నేనూ వేయించుకున్నాను. పక్కింటి అక్క, మూడో గది ఆమె, మా లైనులో ఆడవాళ్ళు దాదాపు అందరూ వేయించుకున్నారు. పెద్ద నొప్పేం కాదు. అంత రభస దీనికా అనిపించింది. నర్సమ్మ బల్ల దగ్గర కూచుని చీటీలు రాస్తోంది. నా వంతు వచ్చినప్పుడు నా పేరు అడక్కుండా రాసేసింది. "నీ పేరు మరిచిపోయేదెట్లా" అంది.

అందరూ అయిపోయాక చూస్తే వరస చివర మా అత్త నిలబడి ఉంది. రెండు చేతులకూ పసుపు పట్టు.

"నువ్వేల వచ్చినావు పిన్నీ? నీకు మూడు పడినాయి కదా" అంది నర్సమ్మ.

"అవి నావి కావు కదా. వాళ్ళవి" అంది అత్త.

వరసలో ఉన్నవాళ్ళందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. ఎడమ చెయ్యి చాపబోయి, నొప్పికి ఆపి, కుడి చెయ్యి చాపింది. "నా పేరుకి ఒగటి వెయ్యి తల్లీ. చీటీ ఇస్తారు కదా."

నాకు అప్పుడు అర్థమైంది. నా నవ్వు ఆగిపోయింది. పన్నెండేళ్ళు మిల్లులో పనిచేసిన మనిషి, ఊళ్ళో ఎవరికీ లేనన్ని పేర్లున్న మనిషి. ఆమె సొంత పేరు రాసిన కాగితం ఒక్కటీ మా ఇంట్లో లేదు. రేషను కార్డులో మామ పేరు, తరవాత మా ఆయన పేరు. ఆమె పేరేమిటో నాకే సరిగ్గా తెలియదు. అత్త అంటే అత్తే.

నర్సమ్మ ఆమె చాచిన చేతిని మెల్లగా కిందికి దించింది. "సూది వద్దు. మూడు వేసుకున్న మనిషికి ఒగ చీటీ రాస్తే అబద్ధం కాదు. పేరు చెప్పు."

అత్త నోరు తెరిచింది. చుట్టూ చూసి, సిగ్గుపడి, తరవాత చిన్నగా చెప్పింది. నర్సమ్మ దాన్ని పెద్ద పెద్ద తమిళ అక్షరాలతో రాసి, రబ్బరు స్టాంపు వేసి, రెండు చేతులతో ఇచ్చింది. అత్త దాన్ని రెండు చేతులతో తీసుకుంది.

నా గీతలు మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యాయి. ఈసారి బొగ్గు నా చేతికిచ్చి "నువ్వే గియ్యి" అంది అత్త. సంక్రాంతి తరవాత వచ్చే తైపూసం పండగకు ముందు నాకు టికెట్టు వచ్చింది. మొదటిరోజు పేర్లు పిలిచేటప్పుడు నా పేరే నా చెవిలో పడి, పలకడం మరిచిపోయాను. గుమాస్తా రెండోసారి పిలవాల్సి వచ్చింది. పక్కనున్నవాళ్ళు పొడిస్తే "ఉండాను" అని ఎంత గట్టిగా అరిచానో, ఖాతా అంతా నవ్వింది.

అత్త పళని పోయి గుండు చేయించుకుని వచ్చింది. బస్టాండులో కలరా చీటీ అడిగారట. ఊరికంతా వినబడేలా "ఉండాది!" అని రవికలోంచి తీసి చూపించిందట. గడువు దాటిపోయిందని వాళ్ళు అక్కడే ఇంకో సూది వేసి పంపారు. నాలుగోది. దాని గురించి ఆమె ఎంతో గర్వంగా చెప్పుకునేది, ఎందుకంటే అది మొదటి నుంచి చివరి దాకా ఆమెదే.

పాత చీటీని మాత్రం పారెయ్యనివ్వలేదు. నా టికెట్టు పక్కనే మురుగన్ పటం కింద అంటించింది. ఆమెకు చదువు రాదు. శుక్రవారం ఇల్లు అలికి, దీపం పెట్టాక, పిండి రుబ్బుతూ "ఏదీ, ఒగ తూరి చదువు అమ్మిణీ" అనేది. నేను గోడ ముందు నిలబడి, మిల్లు గుమాస్తా గొంతు పెట్టి, ఆ చీటీ మీది పేరు గట్టిగా పిలిచేదాన్ని.

రోలు దగ్గర నుంచి మా అత్త, బండ ఆపకుండానే, "ఉండాను" అనేది.